గేటు బోర్డు మీద అతిథులు

వీధి ఇంకా ఒళ్లు విరుచుకుంటూ ఉండగానే మామగారు గేటు దగ్గర స్టూలు వేసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టారు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో మరోసారి. తర్వాత సుద్దముక్క కొనను గచ్చు మీద అరగదీసి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఊపిరి బిగబట్టి మొదటి గీత గీశారు. వంటింటి కిటికీలోంచి కోడలు చూస్తోంది. ఆ గీత పూర్తయ్యేదాకా ఆయన్ని పిలిచినా పలకరు. కుక్క వచ్చి పాదం నాకినా కదలరు.

ఆయన బస్టాండులో బోర్డులు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఏ బస్సు ఎక్కడి నుంచి వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు బయలుదేరుతుంది, అన్నీ పొద్దున్నే నల్లబోర్డుకు ఎక్కించడం ఆయన పని. కంప్యూటర్ తెరలు వచ్చాక కూడా కరెంటు పోయినప్పుడల్లా జనం ఆయన బోర్డు వైపే పరుగెత్తేవారు. అలాంటి దస్తూరీ ఇప్పుడు కుక్కల పాలైందని ఆయన కొడుకు వేళాకోళం చేస్తుంటాడు. పెద్దాయన నవ్వి ఊరుకుంటారు.

ఆ రోజు బోర్డు నిండుగా ఉంది. మొదటి వరసలో మొద్దు, నీలం గేటు ఇంటి డాక్టరమ్మ గారి కుక్క; రాక సోమవారం, తిరుగు ప్రయాణం వచ్చే ఆదివారం సాయంత్రం. రెండో వరసలో వకీలు, పెట్రోలు బంకు వెనక మేడ మీది చిలక. రాక మూడు వారాల కిందట, తిరుగు ప్రయాణం ఈ శనివారం. ఎవరేమన్నా ఎదురు వాదిస్తుందని దానికి ఆ పేరు. ఆఖరున మహారాణి, ఈ ఇంటి పిల్లి. దానికి మాత్రం తిరుగు ప్రయాణం అనే గడిలో పొడుగాటి అడ్డగీత ఉంది.

ఆ గీత ఏమిటని కోడలు మొదట్లో అడిగింది.

"మా డిపో బండ్లుండేవమ్మా. ఇక్కడికొచ్చి ఆగిపోతాయి, ఇంకెక్కడికీ పోవు. వాటికి ఆ గడిలో గీత గీసేవాళ్లం. గీత ఉందంటే అది మన బండేనని జనానికి తెలిసేది," అన్నారు మామగారు.

మహారాణి ఆ మాట విన్నట్టే వచ్చి బోర్డు కింద చుట్ట చుట్టుకుని పడుకుంది.

ఈ బోర్డు రాకముందు కోడలికి తలప్రాణం తోకకొచ్చింది. తోకలతోనే పని కాబట్టి ఆ మాట ఆమెకు అతికినట్టు సరిపోతుంది. అంతకుముందు ఆమె జంతువుల ఆసుపత్రిలో రిసెప్షన్ దగ్గర కూర్చునేది. ఊరికి వెళ్లేవాళ్లంతా కుక్కనెక్కడ వదలాలి, పిల్లినెవరు చూస్తారు అని ఆమెనే అడిగేవారు. ఆసుపత్రి మూతపడగానే, ఆ చూసేదేదో నేనే ఎందుకు చూడకూడదనుకుని ఇంట్లోనే మొదలుపెట్టేసింది. చూడటం తెలుసు. తాను చూస్తానని పదిమందికి తెలియజేయడం ఎలాగో తెలియలేదు.

ఉన్న కాస్త డబ్బుతో కరపత్రాలు అచ్చు వేయించి పేపర్లలో పెట్టించింది. మర్నాడు పక్కవీధి కొట్టులో చిల్లర సామాను ఆ కరపత్రాల్లోనే పొట్లం కట్టి ఇచ్చారు. ఫోన్లో ప్రకటన ఇస్తే, జంతువుల్ని కొంటారనుకుని ఒకాయన మేకను తోలుకొచ్చి గేటు దగ్గరే బేరం మొదలుపెట్టాడు. మేకను, మనిషిని సాగనంపేసరికి పొద్దెక్కింది. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. రోజూ పైకీ కిందికీ తిరిగే మనిషి కాబట్టి దేనికీ పెద్దగా కంగారుపడడు. అతను కూడా, "వానలు మొదలయ్యేదాకా చూద్దాం. అప్పటికీ నిలదొక్కుకోకపోతే నువ్వు వేరే ఉద్యోగం చూసుకోవాల్సిందే," అనేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారు పోయారు. మామగారు ఒక సంచీతో వచ్చి, "కొన్నాళ్లుండి పోతానమ్మా," అన్నారు. ఆ సంచీ మంచం పక్కనే ఉండేది. చొక్కా తీసి తొడుక్కునేవారు, ఉతికి ఆరేసేవారు, మడిచి మళ్లీ సంచీలోనే పెట్టేసేవారు. గోడకు ఖాళీ హ్యాంగర్లు ఎన్నో ఉన్నా అటు చూసేవారు కాదు. కాఫీ తాగుతారా అంటే "అలాగేనమ్మా". ఫ్యాను వేయనా అంటే "అలాగేనమ్మా". అంతకుమించి మాట ఉండేది కాదు.

ఒకరోజు పక్క సందులో ట్యూషన్ సెంటరు ఎత్తేస్తుంటే, పారేయబోయిన నల్లబోర్డును ఆయన మోసుకొచ్చారు. పగిలిన మూలకు మేకులు కొట్టి, తెల్లరంగుతో గడులు గీసి, గేటుకు తగిలించారు. ఖర్చల్లా ఒక సుద్దముక్కల పెట్టె. ఆ వారమే నడకకు వెళ్లేవాళ్లు ఆగి చదవడం మొదలుపెట్టారు. బడికి పోయే పిల్లలు "ఈరోజు ఎవరొచ్చారు?" అని తల్లుల చెయ్యి లాగేవారు. చదివి నవ్వినవాళ్లు ఊరు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ గేటునే తలుచుకున్నారు. కుక్కలొచ్చాయి, పిల్లులొచ్చాయి, ఒకసారి కోపిష్ఠి కుందేలు కూడా వచ్చింది.

ఒక పొద్దున మామగారి చొక్కాలు హ్యాంగర్లకు వేలాడుతూ కనిపించాయి. సంచీ మంచం కిందికి పోయింది. కోడలు చూసింది కానీ చూసినట్టు బయటపడలేదు. పైకి అంటే ఆయన బిడియపడి మళ్లీ తీసేస్తారేమోనని భయం.

ఇదంతా సాఫీగా సాగిపోతున్న ఆ పొద్దున, మొద్దుకు గిన్నెలో అన్నం కలుపుతుండగా ఫోన్ మోగింది. డాక్టరమ్మ. పళ్ల డాక్టరు. అక్కను చూడటానికి ఊరు వెళ్లింది.

"మీ గేటు బోర్డు మీద మా మొద్దు పేరు కూడా ఉందట కదా," అంది డాక్టరమ్మ. పలకరింపు లేదు.

"ఉందండి. మా మామయ్య రాస్తారు. మీ మొద్దు పేరు అన్నిటికన్నా పైనే..."

"చూశాను. మా పక్కింటావిడ ముచ్చటగా ఉందని ఫొటో తీసి పంపింది. నీలం గేటు ఇంట్లో ఆదివారం సాయంత్రం దాకా ఎవరూ ఉండరని వీధంతా చదువుకునేలా రాశారు. ఆ చేత్తోనే తాళంచెవి ఎక్కడ పెట్టానో కూడా రాయకపోయారా?"

కోడలు ఇన్ని వారాలుగా రోజూ పొద్దున్నే ఆ బోర్డు చదివి మురిసిపోయింది. ఒక్కసారైనా దొంగ కళ్లతో చదవలేదు.

"నేనొక్కదాన్నే ఉంటాను ఆ ఇంట్లో. రాత్రి కన్ను మూత పడలేదు," అంది డాక్టరమ్మ. "రేపే బయలుదేరి వస్తున్నాను. నా కుక్కను నాకు అప్పగించండి. ఇంకో మాట. రోజూ ఎంతోమంది చేత నోళ్లు తెరిపించే పని నాది. ఈసారి నేనే నోరు తెరుస్తాను."

ఫోన్ పెట్టేసింది. కోడలు అన్నం గిన్నె అక్కడే వదిలేసి, బకెట్లో ఉన్న తడిగుడ్డ అందుకుని గేటు దగ్గరికి నడిచింది. మొద్దు పేరు తుడిచింది, వకీలు పేరు తుడిచింది. చెయ్యి ఆగలేదు. మహారాణి గీత కూడా పోయింది.

"అదేంటమ్మా, వకీలుకింకా టైముందిగా," అంటూ మామగారు వచ్చారు. చేతిలో చిలక గింజల డబ్బా ఉంది.

"ఏ ఇంట్లో ఎవరు లేరో, ఎప్పటిదాకా రారో ఇలా చాటింపు వేస్తారా మామయ్యా?" అంది కోడలు. "డాక్టరమ్మ ఫోన్ చేసింది. రేపు వచ్చేస్తోంది."

ఆయనకు విషయం అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గింజల డబ్బా కింద పెట్టేశారు.

"వివరం సగం రాస్తే బోర్డెందుకమ్మా అనుకున్నాను. ఎక్కడి నుంచో, ఎప్పటిదాకానో రాయకపోతే జనం తికమకపడతారని..."

"ఇది బస్టాండు కాదు మామయ్యా. ఇది నా వ్యాపారం. ఆవిడ నోరు విప్పితే రేపటి నుంచి ఈ గేటు తట్టేవాళ్లుండరు. చేసిన సాయం చాలు. ఇక దీని జోలికి రాకండి."

మాట నోరు దాటాక దాని బరువు ఆమెకే తెలిసింది. కానీ వెనక్కి తీసుకోవడానికి కోపం అడ్డొచ్చింది. మామగారు చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నారు. జేబులో ఉన్న సుద్దముక్క తీసి కిటికీలో ఉన్న పెట్టెలో వేసి, మూత పెట్టారు.

"అలాగేనమ్మా," అన్నారు.

ఆ సాయంత్రం ఆయన మొద్దును తీసుకుని బయటికి వెళ్లి, దీపాలు పెట్టే వేళకు గానీ రాలేదు. ఎక్కడికెళ్లారని కోడలు అడగలేదు. ముఖం చెల్లక వంటింట్లోనే ఉండిపోయింది.

"నాన్న మంచి చేద్దామనే కదా రాసింది," అన్నాడు భర్త.

"నాకు తెలుసండీ. తెలిసీ అన్నాను. అదే నాకు బాధగా ఉంది."

"మరి వెళ్లి ఒక మాట చెప్పు."

"పొద్దున చెప్తాను."

పొద్దున లేచేసరికి మామగారు లేరు. మొద్దు కూడా లేదు.

కోడలు గదిలోకి వెళ్లి చూసింది. హ్యాంగర్లు ఖాళీ. మంచం మీద సంచీ ఉంది, జిప్పు పూర్తిగా వేసి ఉంది. దుప్పటి ముడత లేకుండా మడిచి తలగడ మీద పెట్టి ఉంది. వరండాలో పంజరంలోంచి వకీలు పెద్దాయన గొంతుతో "అలాగేనమ్మా, అలాగేనమ్మా" అంటోంది. ఇక్కడికొచ్చాక రోజూ వింటూ ఆ ఒక్క మాట కొత్తగా నేర్చుకుందది. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అనేవారో, తను ఎన్నిసార్లు పట్టించుకోకుండా వెళ్లిపోయేదో అప్పుడు గుర్తొచ్చి కోడలికి కళ్లు చెమర్చాయి.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. మొద్దు నడవమంటేనే అలిగే కుక్క. ఈయన మోకాళ్లు అంతంతమాత్రం. ఈ ఇద్దరూ కలిసి ఎంతదూరం పోగలరు? మలుపులో ఇస్త్రీ షాపు ఆయనను అడిగింది.

"పెద్దాయనా? నీలం గేటు ఇంటి దగ్గరున్నారు కదా," అన్నాడతను పెట్టె పక్కన పెట్టి. "నిన్న కూడా పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నారు. వాళ్ల బంధువేమో అనుకున్నాను."

నీలం గేటు లోపల, తాళం వేసిన తలుపు ముందు, మెట్ల మీద మామగారు కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మొద్దు తన సొంత గోనెపట్టా మీద వెల్లకిలా పడి గుర్రు పెడుతోంది. డాక్టరమ్మ ఊరెళ్లినప్పటి నుంచి గేటు దగ్గర పడిన పేపర్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఎండుటాకులు ఊడ్చి ఉన్నాయి, కుండీలు తడిగా ఉన్నాయి. తలుపు ముందు ఆయన చెప్పుల పక్కన కొడుకు పాత బూట్లు కూడా ఉన్నాయి. తాడు మీద ఆయన తువ్వాలు ఆరేసి ఉంది.

"ఏంటి మామయ్యా ఇది?"

"కూర్చోమ్మా. ఆయాసపడుతున్నావు." పక్కన చోటిచ్చారు. "ఈ ఇల్లు ఖాళీ అని అందరికీ చెప్పింది నేనే. బోర్డు తుడిచేస్తే, చదివినవాళ్ల బుర్రలోంచి పోతుందా? ఖాళీగా లేదని కూడా నేనే చూపించాలి కదా."

కోడలు కూర్చుంది.

"బస్టాండులో మాకొక పద్ధతుండేదమ్మా," అన్నారాయన పేపరు మడుస్తూ. "బోర్డు మీద తప్పు పడి ఎవరికైనా బస్సు తప్పిందనుకో, రాసినవాడు ఇంటికి పోకూడదు. ఆ మనిషి ఇంకో బస్సు ఎక్కేదాకా పక్కనే కూర్చోవాలి. టీ ఇప్పించాలి, తిట్టినా పడాలి. ఇదీ అంతే."

"మరి ఆ సంచీ?"

ఆయన మొద్దు పొట్ట మీద చెయ్యేసి కాసేపు నిమిరారు.

"డాక్టరమ్మ వచ్చాక పెద్దమ్మాయి దగ్గరికి వెళ్దామనుకున్నాను. నీకు కొత్త చిక్కులు తేవడమెందుకని."

కోడలికి ఇక ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మొద్దు ఒక కన్ను తెరిచి చూసి, తనకు సంబంధం లేదనుకుని మళ్లీ మూసుకుంది.

"నా వ్యాపారమన్నాను మామయ్యా. అది నాది ఒక్కదానిదిగా ఉన్నప్పుడు మేక తప్ప ఏదీ రాలేదు. మీ రాత చూసి వచ్చారు అందరూ. రోజూ మీతోపాటు నేనూ చదివాను, నాకూ ఆ తప్పు తట్టలేదు. తిట్లు పడాల్సొచ్చేసరికి మొత్తం మీ మీదికి తోసేశాను. మీరు చేసిన మేలు ఒక్కనాడూ నోరారా చెప్పలేదు. తిట్టడానికి మాత్రం నోరొచ్చింది."

"పోనీలేమ్మా."

"పోనీయను. మీరా సంచీ తీసుకుని వెళ్లిపోతే నేను ఏ మొహం పెట్టుకుని ఆ గేటు తీయాలి?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ తుడవడం ఎంతకీ అయిపోలేదు.

కోడలు ఇంటికి వెళ్లి, వకీలుకు గింజలు వేసి, క్యారియర్‌లో అన్నం, ఫ్లాస్కులో టీ తెచ్చింది. ఇద్దరూ ఆ మెట్ల మీదే తిన్నారు. దారిన పోయేవాళ్లు పలకరిస్తే పెద్దాయన గట్టిగా బదులిచ్చారు, వీధి చివరిదాకా వినపడాలన్నట్టు.

ఎండ వాలుతుండగా టాక్సీ ఆగింది. డాక్టరమ్మ పెట్టె పట్టుకుని దిగింది. ఆమె పెదవులు బిగించిన తీరు చూసి కోడలు లేచి నిలబడింది. అంతలో, భూకంపమొచ్చినా లేవని మొద్దు లేచింది. తోకతో పాటు ఒళ్లంతా ఊపుకుంటూ వెళ్లి డాక్టరమ్మ కాళ్లకు చుట్టుకుంది.

"తప్పు నాదే డాక్టరమ్మా," అన్నారు మామగారు లేచి. "అమ్మాయికేం తెలియదు. రాసింది నేను. ఇల్లు భద్రంగానే ఉంది, ఒకసారి చూసుకోండి."

డాక్టరమ్మ పేర్చిన పేపర్లు చూసింది, తడి కుండీలు చూసింది. చూపు తాడు మీద ఆగింది.

"ఆ తువ్వాలెవరిది?"

"నాదేనమ్మా. ఇంట్లో మగమనిషి ఉన్నట్టు ఉంటుందని. ఆ బూట్లు కూడా అందుకే."

"ఎప్పటి నుంచి కూర్చున్నారిక్కడ?"

"నిన్న మీరు ఫోన్ చేసిన సాయంత్రం నుంచేనండి," అంది కోడలు. "నాక్కూడా చెప్పలేదు."

డాక్టరమ్మ పెట్టె కింద పెట్టి, మెట్టు మీద చతికిలబడి కుక్క తల ఒళ్లోకి తీసుకుంది.

"టాక్సీలో వచ్చినంతసేపూ ఏమేం అనాలో కూడబలుక్కున్నాను. ఇప్పుడొక్కటీ గుర్తు రావట్లేదు," అంది. "అయినా తప్పు తప్పే. ఏ ఇల్లో, ఎప్పటిదాకానో ఇంకెవరి గురించీ రాయకండి."

"రాయనమ్మా."

"మా నాన్న పోయాక ఈ ఇంటికి తిరిగొస్తే మెట్ల మీద నాకోసం ఒక మనిషి కూర్చుని ఉండటం ఇదే మొదటిసారి," అందామె కుక్క చెవులు సవరిస్తూ. "తిట్లు మరిచిపోయాను గానీ, ఈ మాట చెప్పడం మాత్రం మరిచిపోకూడదు."

ఫ్లాస్కులో మిగిలిన టీ ఆమెకు పోశారు. తాగుతూ అడిగింది. "పిల్లుల్ని పెంచేవాళ్లు నా దగ్గరికి బోలెడుమంది వస్తారు. వాటికి ఇల్లు మారితే పడదు, అన్నం మానేస్తాయి. ఇలా వాళ్లిళ్లకే వెళ్లి చూసుకుంటారా? ఇల్లూ కనిపెట్టుకున్నట్టుంటుంది."

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన కోడలి వైపు చూశారు.

"చూస్తామండీ," అంది కోడలు. "కానీ పదిమందికి తెలియాలంటే మళ్లీ ప్రచారానికి..."

"నా కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్లకి నేను చెప్తాను. వాళ్లు కాదనలేరు, మధ్యలో లేచిపోలేరు," అంది డాక్టరమ్మ. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే కోడలు కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర స్టూలు పడింది. మామగారి చేతిలో ఈసారి నల్లరంగు డబ్బా, బ్రష్ ఉన్నాయి. ఎక్కడి నుంచి, రాక, తిరుగు ప్రయాణం అన్న గడులన్నీ చెరిపేసి, పేరూ గుణగణాలు మాత్రం ఉంచాలని ముందురోజే అనుకున్నారు. వకీలుకు ఏం రాయాలో కూడా ఆయన ఆలోచించి పెట్టుకున్నారు: వాదనకు దిగవద్దు, ఓడిపోతారు.

"ఒక్క నిమిషం ఆగండి మామయ్యా," అంటూ కోడలు వచ్చింది. కిటికీలోంచి సుద్దముక్క తెచ్చుకుంది. "ఆ గడులు పోయేముందు ఒక్క వరస రాయాలి."

ఆమె రాత కోడి గెలికినట్టుంటుంది. అయినా రాసింది. పేరు: మామయ్య. ఎక్కడి నుంచి: బస్టాండు. రాక దగ్గర ఆలోచించి, 'వచ్చేశారు' అని రాసింది. తిరుగు ప్రయాణం అన్న గడిలో, ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా ఒక గీత గీసింది. అలవాటు లేని చెయ్యి కావడంతో అది మధ్యలో కొంచెం కిందికి జారింది.

మామగారు కళ్లజోడు సర్దుకుని చదివారు. బోర్డు కింద మహారాణి ఒళ్లు విరుచుకుంది. వీధిలో పిల్లలు బడికి పోతున్నారు. ఆయన ఏమంటారోనని కోడలు కొంగు మెలిపెడుతూ నిలబడింది.

"గీత వంకరపోయిందమ్మా," అన్నారాయన.

ఆమె చేతిలోంచి సుద్దముక్క తీసుకున్నారు. కొనను గచ్చు మీద అరగదీశారు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఊపిరి బిగబట్టి, ఆమె గీత మీదే మరో గీత తిన్నగా, గట్టిగా గీయడం మొదలుపెట్టారు. కోడలు ఆయన్ని పిలవలేదు. పిలిచినా ఇప్పుడు పలకరని ఆమెకు తెలుసు.